సొట్ట డబ్బా

ఇది రెండో వరద ఏడు జరిగిన సంగతి. మొదటి వరద మా వీధిలో మెట్ల దాకా వచ్చి, ఇల్లు తప్పి వచ్చినట్టు వెనక్కి పోయింది. రెండోది కిటికీ చువ్వల దాకా ఎక్కి నాలుగు రోజులు కదల్లేదు. ఆ నాలుగు రోజులూ మేం ముగ్గురం డాబా మీద టార్పాలిన్ కింద ఉన్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది.

మూడో రోజు పొద్దున ఒక తలుపు రెక్క వీధి మధ్యలోంచి తేలుతూ వచ్చింది. దాని మీద బూడిదరంగు పిల్లి ఒకటి, టికెట్టు కొనుక్కుని ఎక్కినట్టు కూర్చుని ఉంది. మా ఆవిడ బట్టలారేసే గడతో ఆ రెక్కను గోడ దగ్గరికి లాగింది. పిల్లి డాబా మీదికి దూకి, ముందు ఒళ్లు నాక్కుని, తర్వాత మమ్మల్ని చూసింది.

"చూశావా బావా," అన్నాడు బావమరిది. "మన సామానంతా ఎవరింటికో పోతోంది. వాళ్లింట్లోది ఒకటి మనకొచ్చింది. చెల్లుకు చెల్లు."

నీళ్లు తీశాక మా ఆవిడ కుట్టుమిషను దొరకలేదు. బట్టల పెట్టె దొరికింది గాని అందులో బట్టల బదులు బురద ఉంది. ఆమె ఏడవలేదు. కొంగు బిగించి ఒక్కో గదీ ఎత్తిపోసుకుంటూ వచ్చింది. మూడు రోజులు నోరు విప్పలేదు. పిల్లి ఆమె వెనకాలే తిరిగి, కడిగిన మూలనల్లా వాసన చూసి, సరే అన్నట్టు తోక ఎత్తి పక్క గదికి పోయేది. బావమరిది దానికి ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. నాలుగో రోజు వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "ఏమ్మా ఇన్‌స్పెక్టరమ్మా, ఇక్కడికి చాలా, ఇంకా కడగాలా?"

ఈ పిల్లి ఇక మా ఇంట్లోంచి పోకూడదని ఆ పూటే అనుకున్నాను.

దానికి సగం పళ్లు లేవు. గట్టిది ఏదీ నమల్లేదు. పాలు పోస్తే కడుపు జారిపోయింది. మేం తినేది పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. మా ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను వెంట వెళ్లాను. డాక్టరమ్మ దాని నోరు తెరిచి చూసి, "దీనికి పిల్లుల కోసం అమ్మే డబ్బా తిండే నయం. మెత్తగా ఉంటుంది, నీరూ ఒంటబడుతుంది. ఖరీదైనవే కొనక్కర్లేదు గాని, డబ్బా మీద ఏం రాశారో చదివి కొనండి," అంది.

నాకు నవ్వొచ్చింది. డబ్బాల గురించి నాకు చెబుతోంది.

నేను అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లుగా చేపల డబ్బాల ఫ్యాక్టరీలో తట్టేవాణ్ణి. మూత పడి, ఉడికి, చల్లారిన డబ్బాలు వరసగా నా ముందుకొస్తాయి. నా చేతిలో జానెడు ఇనుప పుల్ల, దాని కొసన సెనగగింజంత గుండు. ఒక్కో మూత మీదా ఒక్క దెబ్బ. లోపల గాలి లేకుండా మూత బాగా పడితే ఠంగుమంటుంది. మూత మడతలో ఎక్కడైనా వెంట్రుకంత సందు ఉంటే డొప్పుమంటుంది. డొప్పన్నదాన్ని పక్కకి నెట్టాలి. కళ్లతో పని లేదు. నేను బడికి వెళ్లింది మూడేళ్లు. ఆ పనికి అదే ఎక్కువ.

డబ్బా మీద కాగితం అంటించేది నా తర్వాత. ఆ పని చేసే ఆడవాళ్ల పక్కనే నా బల్ల. ఒకటే చేప, ఒకటే గంగాళం, ఒకటే ఉప్పు. పొద్దున ఎర్ర కాగితం అంటించేవాళ్లు, మధ్యాహ్నం పచ్చ కాగితం, సాయంత్రం బంగారు రంగుది. బంగారు రంగు డబ్బాకి రెట్టింపు ధర. ఇరవై తొమ్మిదేళ్లు అది చూసినవాడికి కాగితం మీద రాతలంటే ఎంత నమ్మకం ఉంటుందో మీరే అనుకోండి.

వరదకి ఫ్యాక్టరీ మిషన్లలో బురద చేరింది. అవి విప్పి, కడిగి, మళ్లీ బిగించేదాకా సగం జీతం అన్నారు. అందుకని డబ్బాలు చవకవి కావాలి. మంచివీ కావాలి.

మా వీధి చివరి కొట్టాయన కూడా మునిగినవాడే. నీళ్లు పోయిన పదో రోజుకే కొట్టు తెరిచాడు. గోడ మీద బురద గీత అలాగే ఉంది. దాని కింది అరల్లో డబ్బాలు మాత్రం తళతళలాడుతున్నాయి. నాకు అక్కడే అనుమానం తగిలింది. గోడ మునిగితే డబ్బా ఎందుకు మునగలేదు?

జేబులోంచి పుల్ల తీశాను.

"అదేంటన్నా?" అన్నాడు కొట్టాయన.

నేను తట్టడం మొదలుపెట్టాను. మొదటిది ఠంగుమంది. రెండోది ఠంగు. మూడోది డొప్పు. దాన్ని తీసి పక్కన పెట్టాను.

"అన్నా, అవి అమ్ముకునే డబ్బాలు. వాయించుకునేవి కావు."

నాలుగోది తిరగేసి కాగితం అంచు గోటితో లేపాను. కింద తుప్పు, సన్నగా, దారంలా.

"మునిగిన సరుకు తుడిచి పెట్టావు," అన్నాను.

"రామరామ! కొత్త సరుకన్నా. మొన్నే దిగింది. నీ బావమరిదే తెచ్చి దించాడు, అడుగు కావాలంటే."

బావమరిది సరుకు వ్యాను నడిపేవాడు. ఊళ్లో కొట్లన్నిటికీ పెట్టెలు దించేది అతనే. ఆ మాటతో నా అనుమానం కొట్టాయన మీంచి సగం జరిగి ఇంటి దాకా వచ్చింది. ఇద్దరూ కలిసి చేస్తున్నారేమో అనుకున్నాను.

ఠంగుమన్న వాటిలోంచి మూడు రకాలు కొన్నాను. ఇంటి మెట్ల మీద కూర్చుని మూడూ తెరిచి, మూడు పళ్లేల్లో బోర్లించాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడింది. బావమరిది చేతిలో టీ గ్లాసుతో వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"కానీ బావా. పోస్టుమార్టం మొదలుపెట్టు."

మొదటిది, పెద్ద పిల్లి బొమ్మ ఉన్న డబ్బా. అందులో వణికే ముద్ద ఒకటి ఉంది. ఎరుపూ పచ్చా ముక్కలు. పిల్లికి రంగులెందుకు? రెండోది వంపితే ముందు సగం పళ్లెం నీళ్లొచ్చాయి. చిక్కటి నీళ్లు. వాటి కింద వెతుక్కుంటే మాంసం. మూడోది, అన్నిటికన్నా చవక. చిన్న కాగితం, చిన్న అక్షరాలు, బొమ్మ కూడా లేదు. అందులో చేప, చేపలాగే ఉంది. ముళ్లు మెత్తబడి, నూనె తేలి, అంచు దాకా కుక్కి పెట్టారు. మూత మడత మీద బొటనవేలు తిప్పాను. మా ఫ్యాక్టరీలో కూడా అంత నున్నటి మడత చూడలేదు.

"ఇదే," అన్నాను.

"దాని మీద ఏం రాశారో ఒకసారి చూడండి," అంది మా ఆవిడ. "డాక్టరమ్మ చెప్పింది కదా."

"చేప అని రాసుంటుంది. లోపల చేప ఉంది. ఇంకేం చూడాలి?"

పిల్లి మూడు పళ్లేలూ వాసన చూసి తిన్నగా చేప దగ్గరికే వెళ్లింది. పళ్లెం మెరిసేదాకా నాకింది. బావమరిది టీ గ్లాసు ఎత్తి, "ఇన్‌స్పెక్టరమ్మ సంతకం పెట్టేసింది, ఇక మనదేముంది," అన్నాడు.

ఆ రోజు నుంచి దానికి అదే. పొద్దున సగం డబ్బా, సాయంత్రం సగం. డబ్బా తట్టకుండా తెరవలేదు.

రెండు నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం మా ఆవిడ దాన్ని ఒళ్లోకి ఎత్తుకోబోతే కీచుమని అరిచి విదిలించుకుంది. అంతవరకు ఆమె చేతుల్లో గుడ్డలా వేలాడే పిల్లి. బొచ్చు జిడ్డుగా ఉంది. గోడ ఎక్కబోయి, కిందే ఆగి, పైకి చూసి, వెనక్కి వచ్చేసింది. నేను నడుం మీద చెయ్యి వేస్తే చర్మం వణికింది. ఎవరో కొట్టిన ఒళ్లులా ఉంది.

ఎవరు కొడతారు? ఇంట్లో ఉండేది ముగ్గురం.

బావమరిది డ్రైవరు బూట్లకి ముందువైపు ఇనుప రేకు ఉంటుంది. పిల్లి అతని మంచం మీదే పడుకునేది. "ఇదిగో, ఇంకోసారి నా దిండు మీద బొచ్చు కనబడిందంటే వ్యాన్లో వేసుకెళ్లి చివరి కొట్టు దగ్గర పెట్టెతో పాటు దించేస్తా," అని దాన్ని తిట్టడం నేను విన్నాను. విన్నప్పుడు నవ్వాను కూడా. ఇప్పుడు ఆ మాట ఇంకోలా వినబడింది.

మర్నాడు అతను స్నానానికి పోయినప్పుడు బూట్లు తిరగేసి చూశాను. రేకు దగ్గర బూడిదరంగు వెంట్రుకలు రెండు ఉన్నాయి. అతని మంచం నిండా అవే వెంట్రుకలు ఉన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

"నా బూట్లు కావాలా బావా?" తువ్వాలు చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నీ కాలికి పెద్దవవుతాయి."

"బురద ఉంటే చూస్తున్నాను."

"ఉందా?"

"లేదు."

అతను నా చేతిలోంచి బూట్లు తీసుకుని కిందపెట్టాడు. అప్పుడు నవ్వలేదు.

అక్కణ్నుంచి నేను ఇంట్లో కాపలా మనిషినయ్యాను. డబ్బాలు నా మంచం కిందికి మార్చాను. ఒక్కోదాని అడుగున మేకుతో చిన్న గీత గీశాను. ఎవరూ మార్చకుండా. పిల్లి ఎవరి గదిలోంచి వస్తే ఆ గదిలోకి నేను వెళ్లి చూసేవాణ్ణి. బావమరిది ఇంటికొచ్చే వేళకి వీధి అరుగు మీద కూర్చునేవాణ్ణి. అతను వస్తూనే, "ఏంటి బావా, నా కోసమేనా?" అనేవాడు. నేను అతని బూట్ల వైపు చూసేవాణ్ణి. భోజనాల దగ్గర అతను వేసే జోకులు ఒకటొకటిగా తగ్గాయి. మా ఆవిడ ఇద్దరికీ వడ్డించి, గోడకానుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసేది.

చిత్రం ఏంటంటే, ఆ తర్వాత మూడు వారాల్లో పిల్లి కోలుకుంది. ముందు గోడ ఎక్కింది. తర్వాత వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. నా కాపలా పనిచేసిందనుకున్నాను. దొంగని చూస్తూ ఉంటే దొంగ చెయ్యి ఆడదు కదా. మనసులో కొంచెం గర్వపడ్డాను కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లోకి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. నీళ్ల తొట్టి అవతల బావమరిది గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెంచా డబ్బాకి తగులుతున్న చప్పుడు. ఆ చప్పుడు నిద్దట్లో కూడా గుర్తుపడతాను. నా అడుగు విని అతను చెయ్యి వెనక్కి పెట్టాడు. ఎదురుగా పిల్లి మూతి నాక్కుంటోంది.

"ఏంట్రా అది?"

"ఏం లేదు బావా."

"చెయ్యి చూపించు."

చూపించాడు. డబ్బా. నాది కాదు. బంగారు రంగు కాగితం. పొట్ట దగ్గర లోపలికి నొక్కుకుపోయి, నా బొటనవేలు పట్టేంత సొట్ట.

సొట్ట డబ్బా అంటే నాకెలా ఉంటుందో తట్టేవాడికే తెలుస్తుంది. మా బల్ల మీద సొట్ట పడ్డదాన్ని తట్టను కూడా తట్టం. తిన్నగా చెత్తలోకి. మడత దగ్గర సొట్ట పడితే లోపలికి గాలి పోతుంది, తిండి విషమవుతుంది. నా ఇరవై తొమ్మిదేళ్ల పనికి అర్థం ఒకటే, అలాంటి డబ్బా ఎవరి నోటి దాకా పోకూడదు. అది నా పెరట్లో, నా పిల్లి ముందు ఉంది.

"ఎక్కడిదిది?"

"వ్యాన్లోది. కొట్లవాళ్లు తీసుకోకుండా తిప్పి పంపుతారు. ఊరికే పారేస్తారు గదా అని..."

"పారేసేది తెచ్చి దీనికి పెడతావా?"

"సొట్ట డబ్బాకి బావా, తిండికి కాదు. మంచి రకం. దీని మీద రాసుంది చూడు, పిల్లులకి..."

"రాతలు నాకు చెప్పకు! ఆ కాగితాలు అంటించేది నా పక్క బల్ల మీద. అందుకేనా అది ముట్టుకుంటే అరిచింది? ఎన్నాళ్ల నుంచి పెడుతున్నావు?"

"అరిచాకే మొదలుపెట్టాను బావా. అక్క చెప్పింది, అది నీరసంగా..."

"అక్కని మధ్యకి లాగకు. దిండు మీద పడుకుంటోందని దాన్ని చంపడానికి చూశావు. తన్నితే చావలేదని ఇది పట్టుకొచ్చావు."

అతను లేచి నిలబడ్డాడు. నా కన్నా జానెడు పొడుగు.

"నేను తన్నానా?"

నేను డబ్బా లాక్కుని గోడవతలికి విసిరేశాను.

"పదకొండేళ్లయింది బావా నీ ఇంటికొచ్చి," అన్నాడు. గొంతు పెంచలేదు. "పదకొండేళ్లూ నన్ను కూడా తట్టి చూస్తూనే ఉన్నావు. ఒక్కసారైనా ఠంగుమన్నానా?"

"నడువు నా ఇంట్లోంచి."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఏదో అంటుందనుకున్నాను. అనలేదు. బావమరిది లోపలికెళ్లి రెండు చొక్కాలు సంచిలో కుక్కుకుని, పిల్లి వైపు చూడకుండా, నా వైపు చూడకుండా, ఆమె భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు. వ్యాను వీధి మలుపు తిరిగేదాకా వినబడింది.

ఆ రోజు నుంచి మా ఆవిడ నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. ఉప్పు కావాలా. తలుపు వేశారా. నాకు మాటలు తక్కువే కాబట్టి ఇంట్లో చప్పుడు పూర్తిగా పోయింది. పిల్లితో కూడా ఆమె మాట్లాడటం మానేసింది. నీళ్లు తీసిన మొదటి మూడు రోజుల్లాగే ఉంది.

నేను మాత్రం నా పని నేను చేశాను. పుల్లతో తట్టి, గీత చూసుకుని, నా చేత్తో తెరిచి, అది తినేదాకా దగ్గర కూర్చుని. ఇంకెవరూ దానికి ఏమీ పెట్టలేదు. పెట్టనివ్వలేదు.

రెండో వారానికి అది మళ్లీ గోడ ఎక్కడం మానేసింది. మూడో వారంలో నడుస్తుంటే నడుం వంచి, ఒక్కో కాలూ ఆలోచించి వేసేది. దగ్గరికెళ్తేనే మూలుగు. ఒళ్లు కాలుతోంది. ఇరవై రెండో రోజు పొద్దున నేను తెరిచిన డబ్బా వాసన చూసి, మొహం పక్కకి పెట్టి, మంచం కిందికి పోయి పడుకుంది.

నా మొదటి అనుమానం కొట్టాయన మీదికి పోయింది. కాగితం మార్చాడా? లేదు, అదే మడత, అదే మోత. తర్వాత గోడవతలికి పోయింది. బావమరిది వచ్చి వెనక నుంచి ఏదైనా విసిరిపోతున్నాడా? గోడవతల వెతికాను. గడ్డిలో ఏమీ లేదు. నేను విసిరిన డబ్బా కూడా లేదు. దాన్ని ఎవరు తీశారా అని ఇంకో అనుమానం.

వెనక్కి వచ్చేసరికి మా ఆవిడ పిల్లిని దుప్పటిలో చుట్టి సంచిలో పెట్టుకుని ఉంది.

"నేను ఆసుపత్రికి పోతున్నాను," అంది. "రావాలనుకుంటే రండి. ఆ డబ్బా ఒకటి తీసుకోండి."

డాక్టరమ్మ పిల్లిని బల్ల మీద పెట్టి చర్మం కింద వేళ్లతో మెల్లగా నొక్కింది. అది అరిచిన అరుపుకి బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు.

"ఎవరో కొట్టారమ్మా," అన్నాను.

"దెబ్బ కాదు. ఏం పెడుతున్నారు?"

డబ్బా ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు పైకి నెట్టి కాగితం దగ్గరగా పట్టుకుని చదివింది. చాలా చిన్న అక్షరాలు అవి.

"ఇదొక్కటేనా?"

"ఇదొక్కటే. ఒక్కటి కూడా తట్టకుండా తెరవలేదు. మడత చూడండి."

"మడత సంగతి నాకు తెలియదండి. ఇక్కడ ఇలా ఉంది, 'పిల్లులకు ఇతర ఆహారంతో కలిపి పెట్టవలెను. ఇది పూర్తి ఆహారం కాదు.'" ఆమె డబ్బా కింద పెట్టింది. "వట్టి చేప, చేప నూనె. రుచి పడితే వదలవు. రోజూ ఇదే పెడితే చేప కొవ్వు ఎక్కువవుతుంది, దానికి విరుగుడుగా ఉండాల్సిన విటమిను ఇందులో లేదు. ఒంట్లో కొవ్వంతా వాచి గట్టిపడింది. చర్మం కింద అంతా పచ్చిపుండే అనుకోండి. ఎవరు ముట్టుకున్నా అరుస్తుంది."

నేను బల్ల అంచు చూస్తూ నిలబడ్డాను.

"కాని ఇన్నాళ్లు వట్టి ఇదే తిని ఉంటే ఈపాటికి ఇంకా పాడయ్యేది," అంది డాక్టరమ్మ. "మధ్యలో ఇంకేమైనా పెట్టారా?"

మా ఆవిడ సంచి అడుక్కి చెయ్యి పెట్టి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. బంగారు రంగు కాగితం. తెరవనిది. పొట్ట దగ్గర సొట్ట.

"మా తమ్ముడు తెచ్చేవాడు," అంది. "ఇదొకటి మిగిలింది. రోజూ సగం పెట్టేవాడు."

డాక్టరమ్మ అది కూడా చదివింది. "సంపూర్ణ ఆహారం. ఇదైతే సరిగ్గా ఉంది. ఇది పెట్టినన్నాళ్లే తేరుకుని ఉంటుంది. ఎప్పుడు ఆపారు?"

మా ఆవిడ నా వైపు చూడలేదు. గోడ మీద ఆవు బొమ్మ ఉంటే దాన్ని చూస్తోంది.

"ఇరవై రెండు రోజులైంది," అన్నాను.

"ఆ చేప డబ్బా ఆపేయండి. మందిస్తాను. మెల్లగా తగ్గుతుంది, కొన్ని వారాలు పడుతుంది. ఇలా సంపూర్ణ ఆహారం అని రాసి ఉన్నది ఏదైనా పెట్టండి, చవకదైనా ఫరవాలేదు." ఆమె సొట్ట వైపు చూసి డబ్బా నా ముందుకు తోసింది. "ఈ సొట్ట పడ్డది పెట్టొచ్చో లేదో మాత్రం నన్నడక్కండి. అది మీకే తెలియాలి. మీరు డబ్బాల ఫ్యాక్టరీ మనిషే కదా?"

నేను డబ్బా చేతిలోకి తీసుకున్నాను. సొట్ట పొట్ట మధ్యలో ఉంది. పై మడతకీ దానికీ రెండు వేళ్ల ఎడం. కింది మడతకీ అంతే. మడత చుట్టూ బొటనవేలు తిప్పాను. ఎక్కడా ఆగలేదు. జేబులోంచి పుల్ల తీసి మూత మీద ఒక్క దెబ్బ వేశాను.

"మంచిదే," అన్నాను.

ఇంటికొచ్చాం. మా ఆవిడ ఆ డబ్బా తెరిచి చెంచాతో కొంచెం తీసి పిల్లి మూతి దగ్గర పెట్టింది. అది చాలాసేపు చూసి, రెండుసార్లు నాకింది. మూడోసారి కూడా నాకింది.

"వాడు ఎక్కడుంటున్నాడు?" అన్నాను.

"షెడ్డులో. వ్యాన్లోనే పడుకుంటున్నాడట." చెంచా కడుగుతూ అంది. "గోడవతల మీరు విసిరింది నేనే తెచ్చి పారేశాను. పిల్లలెవరైనా చెయ్యి కోసుకుంటారని. ఇన్నాళ్లూ వాడు ఏం పెడుతున్నాడో నాకు తెలుసు. నేనే తెమ్మన్నాను. మీకు చెబితే డబ్బా తడతారు గాని మాట వినరని చెప్పలేదు. ఆ రోజు చెప్పి ఉండాల్సింది. నా తప్పూ ఉంది."

నా తప్పు సంగతి ఆమె ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి నడిచివెళ్లాను. వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. బావమరిది ఒక్కడే పెట్టెలు ఎక్కిస్తున్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి చేతిలో పెట్టె కిందపెట్టాడు.

"పోయిందా?" అన్నాడు.

"లేదు. తింటోంది."

అతను ఊపిరి వదిలి మళ్లీ పెట్టె ఎత్తాడు. నేను రెండోవైపు పట్టుకున్నాను. వద్దనలేదు. ఒక పెట్టె, ఇంకో పెట్టె. పద్దెనిమిది పెట్టెలు ఎక్కించాం.

"కూలి ఇవ్వను బావా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నేనడిగానా?"

"మరెందుకొచ్చావు?"

"డబ్బా మంచిదే," అన్నాను.

"ఏ డబ్బా?"

"నీది."

అతను వెనక తలుపులు మూసి గడియ వేశాడు. వేసిన గడియే మళ్లీ తీసి మళ్లీ వేశాడు. "ఈ ముక్క చెప్పడానికి ఇంత దూరం నడిచొచ్చావా?"

వ్యాను ముందువైపు వెళ్లి తలుపు తీశాను. సీటు మీద చారల దుప్పటి ఒకటి, గోనెసంచి మడిచి చేసిన దిండు ఒకటి ఉన్నాయి. రెండూ తీసి చుట్టచుట్టి చంకలో పెట్టుకుని రోడ్డెక్కాను.

"బావా! ఏయ్ బావా! అది నాది!" వెనక నుంచి అరుస్తున్నాడు. "అది పట్టుకుపోతే రాత్రికి నేనెక్కడ పడుకోవాలి?"

నేను వెనక్కి తిరక్కుండా ఇంటి దారి పట్టాను.